గోడ దిగని మా బావ

మా బావ ఒంటిని చూసి ఆహా ఓహో అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆదివారం పూట దిగబడతారు, బిగుతు బట్టలేసుకుని, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెప్పే గడియారాలు చేతికి పెట్టుకుని. గోడ మీద నిలబడి మట్టి ముద్దలు అందుకునే మా బావని కింద నుంచి చూస్తూ, "డెబ్బై దాటాయట! ఆ నడుం చూడండి, ఎక్కడైనా ఒక్క మడతుందా?" అని ఒకరికొకరు చూపించుకుంటారు. మడతెలా వస్తుంది నాయనా? మడత పడాలంటే ఒంట్లో ఏదో ఒకటి మిగలాలి కదా! ఆయన తిన్నదంతా గోడలే తినేశాయి.

ఒకడు అడుగుతాడు, "తాతగారూ, మీరేం తింటారు?" అని. "ఏది పెడితే అది" అంటాడు మా బావ. "ఎన్ని గంటలు నిద్రపోతారు?" అని ఇంకొకామె. "నడుంనొప్పి ఎంతసేపు నిద్రపోనిస్తే అంతసేపు" అంటాడు. అందరూ పడిపడి నవ్వుతారు. ఆయన నవ్వడు. అది హాస్యం కాదని ఆ గుంపులో తెలిసింది నాకొక్కదానికే.

నేను ఆయనకి మరదల్ని. ఆయన పెళ్ళాం మా అక్క. నా మొగుడు పోయినప్పుడు, "ఎక్కడికి పోతావు? నా గోడకి మట్టి తొక్కేవాళ్ళు ఎవరూ నిలవడం లేదు, రా" అని తీసుకొచ్చాడు. జాలి చూపిస్తే నేను రానని ఆయనకి తెలుసు. అందుకని పని చూపించాడు. అప్పటినుంచీ, మట్టి పని ఉన్నప్పుడల్లా ఆయన గోడ మీద, నేను గుంటలో. నా పాదాలకి మట్టి తెలిసినంతగా నా చేతులకి వంట తెలీదు, ఆ మాట మా అక్కే చెబుతుంది, అదీ నా వంట తిన్నప్పుడల్లా.

మా పని ఇటుకల పనిలాంటిది కాదు. గుంటలో మట్టి, నీళ్ళు, తరిగిన ఎండుగడ్డి వేసి కాళ్ళతో తొక్కి, ముద్దలు చేసి, వాటినే గోడగా పేర్చుకుంటూ పోవాలి. ఒక వరస పెట్టాక అది ఆరాలి. బొటనవేలితో నొక్కితే వేలు దిగకూడదు. దిగిందా, ఇంకా పచ్చిగా ఉన్నట్టు, ఆగాలి. ఆగకుండా దానిమీద ఇంకో వరస ఎక్కిస్తే కింది వరస బరువు మొయ్యలేక పక్కకి ఉబ్బుతుంది. మేము దాన్ని గోడకి బొజ్జ రావడం అంటాం. బొజ్జ వచ్చిన గోడ నిలవదు. నీళ్ళు ఎక్కువైనా అంతే. తక్కువ నీళ్ళతో తొక్కిన మట్టే గట్టిది, కానీ ఆ ముద్ద బరువు మామూలు బరువు కాదు, దాన్ని తల ఎత్తున అందుకుని కొట్టాలంటే భుజం ఉండాలి.

మా బావకి ఆ భుజం ఉండేది. వయసులో ఉన్నప్పుడు ఆయన్ని అందరూ ఉడుం అనేవారు. మనిషి పొట్టి, కానీ గోడెక్కాడంటే పీకినా ఊడేవాడు కాదు. మా ఇంటి వెనక గోడ పెట్టడానికి వచ్చినప్పుడు మా నాన్న తొందరపెట్టాడట, ఇంకో వరస ఎక్కించెయ్యి, వానలొస్తున్నాయి అని. "గోడకి తొందర్లేదండీ, మీకే తొందర" అని పైనే కూర్చున్నాడట ఈయన. మా నాన్న తిట్టాడు, బతిమాలాడు, చివరికి కూలి ఇవ్వనన్నాడు. దిగలేదు. "ఇంత మొండివాడు పెళ్ళాన్ని వదిలిపెట్టడు" అని మా నాన్న ఆ గోడ పూర్తయ్యాక మా అక్కని ఇచ్చి చేశాడు. మా ఇంట్లో ఇప్పటికీ ఇదే పెళ్ళి కథ.

తరవాత సిమెంటు వచ్చింది. మట్టి గోడ అంటే మొహం తిప్పుకునే కాలం వచ్చింది. ఉడుం కాస్తా ఇటుకలు మోసే కూలీ అయ్యాడు. అద్దె గది మార్చిన ప్రతిసారీ మా అక్క సామాను ఒక మూట తగ్గేది. మొదట మంచం పోయింది, తరవాత అద్దం, చివరికి దొరికిన గదికి కిటికీ కూడా లేదు. మా బావ ఇంటికొచ్చి, ఇటుకల దుమ్ముతో దగ్గుతూ, గోడకి జేరబడి కూర్చునేవాడు. "ఏమిటి బావా, అలా చూస్తున్నావు?" అంటే, "ఈ గోడ కట్టినవాడికి మట్టం తెలీదే" అనేవాడు. ఎవరి గోడైనా ఆయనకి అదే యావ.

అలాంటప్పుడు వచ్చింది మేడం. ఊరి బయట పెద్ద స్థలంలో మట్టిబడి పెట్టింది. మళ్ళీ మట్టి ఇళ్ళు కట్టాలి, నేర్చుకోవాలి, నేర్పాలి అని. మంచి మనిషి, ఆ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే చెడ్డ మనిషైతే మాకీ బాధ ఉండేదే కాదు, తిట్టుకుని బయటపడేవాళ్ళం. మా బావని వెతికి పట్టుకుంది. ఆ స్థలంలో ఒక మూల చూపించి, "ఇక్కడ మీ చేత్తో మీకు ఇల్లు కట్టుకోండి, మేస్త్రీగా మీరు పని చేసినన్నాళ్ళూ అది మీదే" అంది.

ఆ ఇల్లు కడుతున్నప్పుడు మా బావని చూడాల్సింది. మా అక్కని గోడ పక్కన నిలబెట్టి, చెయ్యి చాచమని, ఆ చెయ్యి ఎంతవరకు అందితే అంత ఎత్తులో గూళ్ళు పెట్టాడు. కిటికీ కింద ఆమె కాళ్ళు చాపుకుని కూర్చోవడానికి మట్టితోనే అరుగు తీశాడు. వెనకవైపు నాకొక చిన్న గది, విడిగా తలుపు. "నీ నోరు ఒక ఇంట్లో పట్టదు" అన్నాడు. మా అక్క నున్నటి రాయి ఒకటి పట్టుకుని నేలంతా రుద్దింది, నేల అద్దంలా అయ్యేదాకా రుద్దింది. ఎవరొచ్చినా మా ఇల్లు అనేది. సొంత ఇల్లు అనేది. మాది కాదక్కా, పనున్నన్నాళ్ళే మాది అని నాకు నోటిదాకా వచ్చేది. ఆమె మొహం చూసి మింగేసేదాన్ని. నేను మింగిన మాట బహుశా అదొక్కటే.

ఆ ఇంట్లోకి వచ్చిన రోజున మేడం అందరినీ పిలిచింది. మా బావ చేతికి మైకిచ్చింది. మైకిస్తే మనిషి ఏమైనా అనేస్తాడు. "ఈ చెయ్యి ఆడినన్నాళ్ళూ ఈ బడి గోడలు వదలను" అన్నాడు. చప్పట్లే చప్పట్లు. మా అక్క ఏడ్చింది. మాట తప్పని మనిషికి మైకు ఇవ్వకూడదు.

వ్యాయామం మాస్టారు తరవాత వచ్చాడు. కండలు తిరిగిన కుర్రవాడు, మంచివాడే, కానీ నోరు తెరిస్తే ఉత్సాహం. మట్టి తొక్కితే పిక్కలకి మంచిది, ముద్ద ఎత్తితే భుజాలకి మంచిది, ఇదే అసలు వ్యాయామం అని కనిపెట్టాడు. ముప్పై ఏళ్ళుగా మేము వ్యాయామం చేస్తున్నామని మాకు తెలీనే తెలీదు! గేటు దగ్గర పెద్ద బోర్డు మీద మా బావ బొమ్మ వేశారు, చొక్కా లేకుండా, ముద్ద తలపైకి ఎత్తిపట్టి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే ఇదే. జనం వచ్చారు. డబ్బులు కట్టి మరీ నా గుంటలో దిగి తొక్కారు. "ఆంటీ, ఇంకెంతసేపు?" అని అడిగితే, "మెత్తబడేదాకా" అనేదాన్ని. "మట్టా, మేమా?" అని నవ్వేవారు.

ఇదంతా బాగానే ఉంది. భుజం పోయేదాకా.

నాకు మొదట తెలిసింది చొక్కా దగ్గర. ఎప్పుడూ కుడిచెయ్యి ముందు దూర్చే మనిషి, ఎడమచెయ్యి ముందు దూర్చి, కుడిచేతిని ఇంకొకరి చెయ్యిలా పట్టుకుని లోపలికి తోసుకుంటున్నాడు. తరవాత దువ్వెన ఎడమచేతికి మారింది, పాపిడి వంకర పోయింది. "ఏం బావా, ముసలితనంలో కొత్త ఫ్యాషనా?" అన్నాను. కసురుకున్నాడు. మా బావ నన్ను వెక్కిరిస్తాడు గానీ కసరడు. అప్పుడు భయమేసింది నాకు.

ఎముకల డాక్టరు దగ్గరికి అక్కా, నేనూ, వాళ్ళ కూతురూ కలిసి తీసుకెళ్ళాం. డాక్టరు చెయ్యి పైకెత్తమన్నాడు. బోర్డు మీద ముద్దని ఆకాశానికి ఎత్తిన మనిషి, ఆ గదిలో చెయ్యి చెవి దాకా తీసుకెళ్ళలేక మొహమంతా చెమటలు పట్టి నిలబడ్డాడు. "లోపల అరిగిపోయింది, తెగిపోయింది కూడా. ఈ వయసులో అతకదు. తల ఎత్తుకి చెయ్యెత్తే పని ఇవాళే ఆపెయ్యండి. ఆపకపోతే రేపు మీ నోటికి కూడా ఈ చెయ్యి రాదు. ఇంకొకరు తినిపించాలి" అన్నాడు డాక్టరు.

బయటికి రాగానే కూతురు, "నాన్నా, వచ్చెయ్యండి. నా కుట్టుదుకాణం వెనక గది ఖాళీగానే ఉంది. కాస్త సర్దుకుంటే సరిపోతుంది" అంది. మా అక్క వెంటనే ఏడుపు మొదలుపెట్టింది. "ఇల్లు వదిలేసి గదిలోకా? మళ్ళీ గదిలోకా?" అంది. మా బావ ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. నాకూ గుండె జారింది, దాచుకోవడం ఎందుకు. కుట్టుదుకాణం వెనక గది నేను చూశాను. ఇద్దరు పడుకుంటే మూడో మనిషి నిలబడాలి. "కొన్నాళ్ళు చూద్దాంలే, నువ్వు బలవంతపు పని చెయ్యకు, నేను చూసుకుంటాను" అన్నాను.

పని మానితే ఇల్లు పోతుంది. మానకపోతే చెయ్యి పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అని ఊరికే అంటామా!

మర్నాడు మేడంతో చెప్పేస్తానని బయల్దేరాడు. నేనూ వెంట వెళ్ళాను. ఈయన నోరు విప్పకముందే ఆమె లేచి ఎదురొచ్చింది. "మీ కోసమే కబురు పంపబోతున్నాను తాతగారూ! పెద్ద హాలు కడుతున్నాం. గుండ్రటి గోడ. దానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తున్నారు, మీతో కలిసి పనిచెయ్యడానికి. మీరే లేకపోతే ఈ బడి లేదు" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి, దొంగనీళ్ళు కావవి. పక్కనే ఉన్న వ్యాయామం మాస్టారు ఒక డబ్బా చేతిలో పెట్టాడు. పరుగెత్తేవాళ్ళు వేసుకునే బూట్లు. పుట్టి బుద్ధెరిగి కాళ్ళకి మట్టి తప్ప ఏదీ తొడగని మనిషికి! చెప్పడానికి వెళ్ళి బూట్లు తెచ్చుకున్నాడు మా బావ. దారిలో, "చెప్పవేం?" అన్నాను. "ఎలా చెప్పనే, ఆమె అలా చూస్తుంటే" అన్నాడు. "అయితే నేను చెప్తాను" అన్నాను. "నోరు మూసుకో" అన్నాడు.

గుండ్రటి గోడ మొదలైంది. రాతి పునాది మీద మొదటి వరస. నడుం ఎత్తు కూడా లేదు కాబట్టి భుజం లాక్కొస్తుందనుకున్నాను. నేను గుంటలో తొక్కుతున్నాను.

"ఇంకో బకెట్టు నీళ్ళు పొయ్యి" అన్నాడు.

"చాలు బావా, సరిపోయింది."

"పొయ్యమన్నానా?"

పోశాను. పాదం కింద మట్టి జారుతోంది. "ఇంకోటి" అన్నాడు.

"ఇది గోడకా, గోడ మీద పూసే పూతకా?" అన్నాను.

"చెప్పింది చెయ్యి. మేస్త్రీవి నువ్వా, నేనా?"

అర్థమైందిలే అనుకున్నాను. గట్టి మట్టి బరువు, పల్చటి మట్టి తేలిక, పాపం భుజం నొప్పికి తేలిక చేసుకుంటున్నాడు. నొప్పి మనిషి చేత ఎంత పనైనా చేయిస్తుంది. నా కళ్ళు చెమర్చాయి. ఆయన అటు తిరగ్గానే గంపెడు పొడిమట్టి, మోపెడు గడ్డి గుంటలో పోసి, పిక్కలు పట్టేసేదాకా తొక్కాను. మోకాలు కలుక్కుమంటున్నా ఆగలేదు. ఆ ముద్దల్ని నేనే ఎత్తి వరస మీద పెట్టాను, ఆయన ఎడమచేత్తో సర్దడం తప్ప ఏమీ చేయనివ్వలేదు. వరస నిలబడింది, ఎంత చక్కగా నిలబడిందంటే, మా నాన్న చూస్తే మళ్ళీ పిల్లనిచ్చేవాడు.

సాయంత్రం మా బావ వచ్చి గుండు తాడు వేలాడదీసి వరస నిటారుగా ఉందో లేదో చూశాడు. ఉబ్బిందేమోనని పక్కల్ని అరచేత్తో తడిమి చూశాడు. "గట్టిగానే ఉందే" అన్నాడు, చావుకబురు విన్నవాడిలా. నేను మురిసిపోయాను. ఇన్నేళ్ళలో ఆయన దగ్గర ఇంత మెప్పు నాకు దొరకలేదు, మెప్పులా వినిపించకపోయినా.

ఆదివారం వచ్చింది. జనం వచ్చారు. నేను టీ తాగడానికి వెళ్ళి వచ్చేసరికి గుంట నిండా నీళ్ళు. మా బావే పోశాడట. ఆదివారం వాళ్ళు అందులో కేరింతలు కొడుతూ తొక్కుతున్నారు, మట్టి కాళ్ళ సందుల్లోంచి చిమ్ముతోంది. నేను పరుగున గోడ దగ్గరికెళ్ళి కింది వరస నొక్కి చూశాను.

"బావా, వేలు దిగుతోంది. ఇంకా ఆరలేదు."

"ఎవరి వేలు?"

"నా వేలే."

"నీ వేలికి పొగరెక్కువ. ముద్దలు ఇవ్వు" అన్నాడు.

మా నాన్నని అన్ని రోజులు ఆపినవాడు, "గోడకి తొందర్లేదు" అన్నవాడు, ఇప్పుడు తొందరపెడుతున్నాడు. ముసలితనం అనుకున్నాను. బుర్ర కూడా అరుగుతోందేమో అనుకున్నాను. ఆయన పైకెక్కి, వంపుకి లోపలివైపు జనాన్ని ఒక్కరినీ నిలబడనివ్వలేదు. "ఇటు రావద్దు, అందరూ అటు, వెనక్కి, ఇంకా వెనక్కి" అని కేకలేసి మరీ తరిమాడు. నేను ఊరుకుంటానా? ఒక చెక్క తెచ్చి, గోడకి ఉబ్బు వచ్చేచోట ఆనించి, నా వీపు అడ్డం పెట్టాను. మా బావ పైనుంచి చూశాడు. అంత కోపంగా ఆయన నన్నెప్పుడూ చూడలేదు. "అక్కడనుంచి లే!" అని అరిచాడు. "గోడ మీద పడుతుంది, లేవే!" లేవనన్నాను. దిగి వచ్చి, ఆ ఒక్క చేత్తో నా రెక్క పట్టుకుని ఈడ్చి అవతల పడేశాడు. మళ్ళీ ఎక్కాడు.

ముద్ద మీద ముద్ద. పల్చటి మట్టి. గోడకి బొజ్జ రావడం అందరికన్నా ముందు నాకు కనబడింది, తరవాత పెద్ద చప్పుడేమీ లేకుండా, అలిసిపోయిన మనిషి కూర్చున్నట్టు, గోడ కూర్చుంది. దానితో పాటు మా బావా కూర్చున్నాడు. నడుంలోతు మట్టిలో. దెబ్బ తగల్లేదు. ఎవడో నవ్వాడు, ఎవడో ఫోన్ ఎత్తాడు, తరవాత ఎవరికీ నవ్వు రాలేదు.

మేడం పరుగెత్తుకొచ్చింది. మా బావ మట్టిలోనే కూర్చుని అన్నాడు, "నా చెయ్యి అయిపోయింది మేడం. పైకి లేవదు. ఇక నావల్ల కాదు."

ఆ మాట ఆయన నోటినుంచి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఉడుం పట్టు వదిలేసింది. మేడం ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ముందే చెబితే బాగుండేది కదా తాతగారూ" అంది. తరవాత నెమ్మదిగా, బాధపడుతూనే, "ఆ ఇల్లు... మేస్త్రీ ఉండడానికని బడి కమిటీ వాళ్ళు రాసుకున్నారు. నేనొక్కదాన్ని చెప్పలేను. చూద్దాం, ఏదో ఒకటి చూద్దాం" అంది.

నేను తిరిగి చూశాను. మా ఇంటి గుమ్మంలో మా అక్క నిలబడి ఉంది. అన్నీ వినబడుతున్నాయి ఆమెకి. తలుపు చట్రాన్ని పట్టుకుని ఉంది, ఎవరో లాక్కుపోతారన్నట్టు. నేను ఇంకేమీ ఆలోచించలేదు.

"నేనెక్కుతాను" అన్నాను. "ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయన పెట్టే వరసలు నేను పెడతాను. ఈ చెయ్యి ఆడినన్నాళ్ళూ పెడతాను."

వ్యాయామం మాస్టారు చప్పట్లు మొదలుపెట్టాడు. "అరవై దాటిన ఆడమనిషి!" అన్నాడు, వాడి మొహం వెలిగిపోయింది. మేడం నన్ను కావలించుకుంది, మట్టితో సహా. అందరూ చప్పట్లు. మా అక్క గుమ్మంలో కూలబడి ఏడుస్తోంది, సంతోషంతో. నేను గర్వంగా మా బావ వైపు చూశాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు.

వెనకాల కుళాయి దగ్గర ఆయన వీపు మీద మట్టి కడుగుతూ ఉంటే మొహం అటు తిప్పుకుని కూర్చున్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "థాంక్సు అనకపోతే పోయె, మొహమైనా సరిగ్గా పెట్టవచ్చు కదా! ఇల్లు నిలబెట్టాను నీకు!" అన్నాను.

"నీ పాదాలకి కూడా తెలీలేదంటే నేనెవరితో చెప్పుకోను?" అన్నాడు.

"ఏం తెలీలేదు?"

"ముప్పై ఏళ్ళు తొక్కావు. నేను మట్టి ఎప్పుడైనా పల్చన చేశానా? ఆరకుండా వరస ఎక్కించానా? ఎక్కించమని మీ నాన్న కాళ్ళావేళ్ళా పడితే ఎక్కించానా? కావాలనే చేశాను. గోడ పడాలనే చేశాను. ఒకసారి నువ్వు దొంగతనంగా గడ్డి కలిపి నిలబెట్టావు. ఇంకోసారి వీపు అడ్డం పెట్టావు. ఇవాళ నోరు అడ్డం పెట్టావు."

నేను చెంబు కింద పెట్టేశాను.

"మైకులో మాటిచ్చాను, నా అంతట నేను పోతానని ఎలా అనను? మీ అక్కతో గది అంటే చాలు, ఏడుస్తుంది. మేస్త్రీ ముసలివాడయ్యాడు, గోడ పడేశాడు, పొమ్మన్నారు అంటే ఎవరూ ఎవరినీ అనక్కర్లేదు. మీ అక్క నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటుంది. పోయి హాయిగా కూర్చునేవాణ్ణి."

"నోరు లేదా నీకు?" అన్నాను. "నాకొక్కదానికైనా చెప్పకూడదా?"

"నీ నోట్లో నువ్వుగింజ నానుతుందా?"

"అయినా నీకేం, నువ్వూ అక్కా పోయేవారు. నా సంగతేంటి? ఆ గదిలో నాకు చోటెక్కడ?"

మా బావ తల తిప్పి నన్ను చూశాడు. "కూతురితో మాట్లాడాను. పోయినవారం వెళ్ళొచ్చాను. బట్టల బీరువా అమ్మేయించాను. కిటికీ పక్కన నీకు పక్క పడుతుంది, కొలిచి చూశాను. నీ పొడుగు నాకు తెలీదా? కాళ్ళు ముడుచుకోకుండా సరిపోతుంది."

నేను ఏడ్చాను. మొగుడు పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. "ఇప్పుడే పోయి చెప్పేస్తాను, నేను చెయ్యను అని చెప్పేస్తాను" అన్నాను.

"అందరి ముందూ అన్నావు" అన్నాడు. "అంటే ఏమవుతుందో నాకు తెలుసు."

అప్పుడే మా అక్క వచ్చింది, తువ్వాలు పట్టుకుని. ఎన్నో నెలలుగా చూడని మొహం, పెళ్ళినాటి మొహం. నా తడి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకుంది. "నువ్వు లేకపోతే నా ఇల్లు పోయేదే" అంది. "ఇంక నాకే దిగులూ లేదే, ఇక్కడే కన్నుమూస్తాను" అంది. నేను మా బావ వైపు చూడలేదు. ఆయనా నా వైపు చూడలేదు. అక్కకి మేమిద్దరం ఇంకేం చెబుతాం?

సోమవారం కూలిన మట్టి తవ్వి మళ్ళీ గుంటలో వేశాం. మా బావ దిగి తొక్కాడు, కాళ్ళు బాగానే ఉన్నాయి కదా. నీళ్ళు సరిగ్గా పోశాడు, తక్కువ పోశాడు, ఇదివరకటిలాగా. వరస ఆరేదాకా ఆగాం. వేలు దిగనప్పుడు నిచ్చెన తెచ్చి వేశాడు. నా ఎడమ మోకాలు మొదటి మెట్టు మీదే కలుక్కుమంది. ఆయన విన్నాడు. నిచ్చెన కిందిమెట్టు మీద పాదం వేసి, అది జరగకుండా, ఆ ఒక్క చేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

"మోకాలి సంగతి ఎవరికీ చెప్పకు బావా" అన్నాను.

"చెప్పను" అన్నాడు.

నేను గోడెక్కాను.